ఎంఓయూలో రాయని విషయాలు: విదేశీ భాగస్వామ్య పరిశోధనలో నిజాయితీ ఎక్కడ జారిపోతోంది?

క్లుప్తంగా: విదేశీ సంస్థలతో కలిసి చేసే పరిశోధనలో పెద్ద నష్టం తెచ్చిన వివాదాలు కాపీ కొట్టడం వల్ల వచ్చినవి కావు. ముడి డేటాను ఎవరు చూశారు, సమ్మతి ఎవరు ఇచ్చారు, శాంపిల్ ఏ అనుమతితో దేశం దాటింది, పేపర్ మీద ఎవరి పేరు ఎందుకు ఉంది అన్న చోట్ల వచ్చినవి. మన నిబంధనల దృష్టి మాత్రం ఇంకా చాలావరకు సిమిలారిటీ శాతం (ఇతరుల రాతతో ఎంత పోలిక ఉందో చెప్పే అంకె) మీదే ఉంది. ఈ తేడా వల్ల విశాఖలోని సంస్థలకు, స్కాలర్లకు ఏమవుతుంది, పని మొదలుపెట్టక ముందే ఏమేం రాసుకోవాలి అన్నది ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

గత కొన్నేళ్లలో పరిశోధన నిబంధనలు వరసగా మారడంతో, విశాఖలో పీహెచ్‌డీ చేస్తున్నవాళ్లు ఏది అమల్లో ఉందో, ఏది పోయిందో సీనియర్లను అడిగి తెలుసుకోవాల్సి వస్తోంది. థీసిస్ ఇచ్చే ముందు జర్నల్‌లో పేపర్ వేసి తీరాలన్న షరతును విశ్వవిద్యాలయ నిధుల సంఘం యూజీసీ 2022 నిబంధనల్లో తీసేసింది. మంచి జర్నళ్లను గుర్తించడానికి 2019లో తెచ్చిన కేర్ జాబితాను 2025లో ఎత్తేసి, ఆ ఎంపికను విద్యాసంస్థలకే వదిలేసింది. అదే ఏడాది కేంద్ర విద్యా శాఖ విద్యాసంస్థలకు ఇచ్చే ఎన్‌ఐఆర్‌ఎఫ్ ర్యాంకుల్లో రిట్రాక్ట్ అయిన పేపర్లకు, అంటే అచ్చయ్యాక వెనక్కి తీసుకున్న పేపర్లకు, మార్కులు కోసే పద్ధతి వచ్చింది. విదేశీ విశ్వవిద్యాలయాలతో కలిసి జాయింట్, డ్యూయల్ డిగ్రీలు ఇచ్చే వీలు 2022లోనే కలిగింది. విదేశీ భాగస్వాములు పెరుగుతున్న రోజుల్లోనే, ఏది నమ్మదగిన పరిశోధనో తేల్చే భారం ఢిల్లీ నుంచి దిగి సంస్థల మీద, విభాగాల మీద, చివరికి గైడ్ మీద పడింది.

వాల్తేరుకు కొత్త కాదు

బయటి దేశాల శాస్త్రవేత్తలతో కలిసి పనిచేయడం విశాఖకు పాత అలవాటే. 1926లో బెజవాడలో మొదలై 1930లో వాల్తేరు చేరిన ఆంధ్ర విశ్వవిద్యాలయంలో 1950లలో అమెరికా సముద్ర శాస్త్రవేత్త యూజీన్ లాఫాండ్ పనిచేశారు. ఇక్కడి అధ్యాపకులు, విద్యార్థులతో కలిసి బంగాళాఖాతాన్ని శాస్త్రీయంగా పరిశీలించారు. తూర్పు తీరానికి ఆవల సముద్రగర్భంలో ఉన్న లోయలను వివరిస్తూ ఆయన వాటిలో ఒకదాన్ని ఆంధ్ర అని, మరొకదాన్ని మహాదేవన్ అని పిలిచారు. మహాదేవన్ ఈ విశ్వవిద్యాలయంలోనే భూగర్భశాస్త్ర ఆచార్యులు. అతిథిగా వచ్చిన శాస్త్రవేత్త స్థానిక సహచరుడి పేరును సముద్ర పటంలో నిలిపిన ఉదాహరణ ఇది. ఎవరి శ్రమకు ఎవరి పేరు అన్న ప్రశ్న ఇప్పుడు ఇంత గొడవగా మారిన నేపథ్యంలో గుర్తుపెట్టుకోదగ్గది.

ఇవాళ నగరంలో పరిశోధన ఒక్క ప్రాంగణానికి పరిమితం కాదు. ప్రభుత్వ ఆసుపత్రి కేజీహెచ్‌కు అనుబంధంగా ఉన్న ఆంధ్ర వైద్య కళాశాల, గీతం, ఐఐఎం, పెట్రోలియం సంస్థ ఐఐపీఈ, జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ ప్రాంతీయ కేంద్రం, వైద్య పరికరాల మెడ్‌టెక్ జోన్ అన్నీ ఇక్కడే ఉన్నాయి. రోగుల రక్తం, సముద్రపు చేప, కంపెనీ లెక్కలు, యంత్రం డిజైన్: ఒక్కో చోట పరిశోధన ముడిసరుకు ఒక్కోటి. దానికి తగ్గట్టే రిస్కూ మారుతుంది. ఒకే ఎంఓయూ (సంస్థల మధ్య అవగాహన ఒప్పందం) నమూనాతో అన్నింటినీ నెట్టుకురావడం కుదరదు.

సిమిలారిటీ శాతం దగ్గర ఆగిన చూపు

ప్లేజియరిజం (కాపీ కొట్టడం) మీద యూజీసీ 2018లో ప్రత్యేక నిబంధనలు తెచ్చింది. సిమిలారిటీ 10 శాతం వరకు ఉంటే శిక్ష లేదు. 10 దాటి 40 వరకు మొదటి స్థాయి. థీసిస్ అయితే ఆరు నెలల్లోపు సరిచేసి ఇవ్వాలి. 40 నుంచి 60 వరకు ఉంటే సరిచేసిన థీసిస్‌ను ఏడాది పాటు ఇవ్వనీయరు. 60 దాటితే రిజిస్ట్రేషన్ రద్దు. అధ్యాపకుల పేపర్ల విషయంలో ఇంక్రిమెంట్లు ఆపడం, కొత్త స్కాలర్లను తీసుకోనివ్వకపోవడం వంటి శిక్షలున్నాయి. విచారణకు విభాగం స్థాయిలో ఒక కమిటీ, సంస్థ స్థాయిలో మరో కమిటీ ఉండాలి. 2019 నుంచి శోధశుద్ధి పథకం కింద విశ్వవిద్యాలయాలకు సిమిలారిటీని పట్టే సాఫ్ట్‌వేర్ కూడా అందుతోంది.

ఈ ఏర్పాటు అవసరమైనదే. అచ్చంగా ఎత్తిరాసిన థీసిస్‌లు పట్టుబడటానికి పనికొచ్చింది. కానీ దాని చూపు వాక్యాల దాకానే. లెక్కలు కల్పించి సొంత మాటల్లో రాసిన పేపర్‌కు సిమిలారిటీ రిపోర్ట్‌లో ఏ ఇబ్బందీ రాదు. ప్రయోగం చేయకుండానే గ్రాఫ్ గీసినా, ఒకే మైక్రోస్కోప్ బొమ్మను తిప్పి రెండు చోట్ల వాడినా, నచ్చని ఫలితాలను పక్కకు తప్పించినా సాఫ్ట్‌వేర్‌కు తెలియదు. అమెరికాలో ప్రభుత్వ నిధులతో జరిగే పరిశోధనకు వర్తించే నిర్వచనంలో మూడు తప్పులున్నాయి: డేటాను కల్పించడం, డేటాను మార్చడం, కాపీ కొట్టడం. యూజీసీ 2018 నిబంధనలు వీటిలో మూడోదానికే శిక్షలు రాశాయి. పీహెచ్‌డీ స్కాలర్లకు తప్పనిసరి చేసిన రెండు క్రెడిట్ల పరిశోధన, ప్రచురణ నైతికత కోర్సులో మిగతా రెండింటి గురించి పాఠం ఉంటుంది. అయితే పాఠం చెప్పడం వేరు, ఫిర్యాదు వస్తే విచారించే యంత్రాంగం ఉండటం వేరు.

దీని ప్రభావం విభాగాల్లో కనిపిస్తూనే ఉంటుంది. ప్రీ-సబ్మిషన్ (థీసిస్ ఇచ్చే ముందు దశ) దగ్గరపడగానే స్కాలర్ టెన్షనంతా శాతం ఎంత వచ్చిందన్న దాని మీదే. వాక్యాలను అటూ ఇటూ తిప్పి, పర్యాయపదాలు పెట్టి, ఇప్పుడైతే ఏఐ టూల్‌తో తిరగరాయించి అంకెను 10 కిందకు దించుతారు. ఆ కష్టంలో పదో వంతు డేటా ఫైళ్లను సరిగ్గా భద్రపరచడం మీద పెట్టమని అడిగే ఫారం మాత్రం ఉండదు. విదేశీ భాగస్వామి వచ్చి మొదట అడిగేది ఆ ఫైళ్లనే.

చూడని డేటాకు సంతకం

అంతర్జాతీయ భాగస్వామ్యంలో తప్పు ఎలా పుడుతుందో తెలియాలంటే 2020 నాటి సర్జిస్ఫియర్ ఉదంతాన్ని కాస్త వివరంగా చూడాలి. కోవిడ్ తొలి వేవ్ రోజులవి. హైడ్రాక్సీక్లోరోక్విన్ పనిచేస్తుందా లేదా అని ప్రపంచమంతా వాదించుకుంటోంది. ఆ ఏడాది మే 22న ప్రఖ్యాత వైద్య పత్రిక లాన్సెట్ ఒక పేపర్ ప్రచురించింది. ఆరు ఖండాల్లోని 671 ఆసుపత్రుల నుంచి 96,032 మంది రోగుల వివరాలు సేకరించామని, ఈ మందు వాడినవారిలో మరణాలు ఎక్కువగా ఉన్నాయని దాని సారాంశం. కొద్దిరోజుల్లోనే ప్రపంచ ఆరోగ్య సంస్థ తన ట్రయల్‌లో ఈ మందు ఇవ్వడాన్ని తాత్కాలికంగా ఆపేసింది.

ఆ డేటా మొత్తం అమెరికాలోని సర్జిస్ఫియర్ అనే చిన్న కంపెనీ చేతిలో ఉంది. పేపర్‌పై ఉన్న నలుగురు రచయితల్లో ఒకరు ఆ కంపెనీ అధిపతి. మొదటి రచయిత హార్వర్డ్‌కు అనుబంధంగా ఉన్న పెద్ద ఆసుపత్రి వైద్యుడు. పేపర్ బయటికి రాగానే ఆస్ట్రేలియా వాళ్లకు అనుమానం వచ్చింది: అప్పటికి తమ దేశంలో అధికారికంగా నమోదైన మరణాల కన్నా పేపర్‌లో ఆ దేశానికి చూపించిన మరణాలే ఎక్కువ. వందమందికి పైగా శాస్త్రవేత్తలు బహిరంగ లేఖ రాశారు. స్వతంత్ర పరిశీలకులు ముడి డేటా అడిగితే, ఆసుపత్రులతో ఉన్న ఒప్పందాల ప్రకారం ఇవ్వలేమని కంపెనీ చెప్పింది. దాంతో డేటా నిజమో కాదో తేల్చుకోలేకపోయామంటూ మిగతా ముగ్గురు రచయితలు జూన్ 4న పేపర్‌ను వెనక్కి తీసుకున్నారు. అదే డేటాతో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చిన ఇంకో పేపర్ కూడా అదే రోజు పోయింది.

ఇక్కడ గమనించాల్సింది కంపెనీ ఏం చేసిందన్నది ఒక్కటే కాదు. సంతకం పెట్టిన వైద్యులు ప్రచురణకు ముందు ఆ ముడి డేటాను చూసి సరిచూసుకోలేదు. డేటా సేకరణ ఒకరి పని, విశ్లేషణ ఇంకొకరిది, రాయడం మరొకరిది. ఎవరి భాగం వారు చేశారు, అవతలివాళ్లది సరిగ్గానే ఉంటుందనుకున్నారు. పనిని పంచుకోవడం భాగస్వామ్యానికి బలం. సరిచూసే బాధ్యతను కూడా పంచేసుకుంటే అది ఎవరికీ చెందకుండా పోతుంది. అవతలివాళ్లు పెద్ద దేశంలో, పెద్ద పేరున్న సంస్థలో ఉంటే అడగడానికి మొహమాటం ఇంకా ఎక్కువ. విశాఖ నుంచి శాంపిళ్లు పంపి, ఫలితాల ఎక్సెల్ షీట్ మాత్రమే తిరిగి అందుకునే ల్యాబ్‌ది దాదాపు ఇదే పరిస్థితి. యంత్రం నుంచి వచ్చిన అసలు ఫైల్ కావాలని అడగడం అనుమానించడం కాదు, రచయితగా చేయాల్సిన పని. వైద్య పత్రికల సంపాదకుల అంతర్జాతీయ కమిటీ రచయితకు పెట్టిన నాలుగు షరతుల్లో చివరిది ఇదే: పేపర్‌లో ఏ భాగం మీద ప్రశ్న వచ్చినా అది తేలేదాకా జవాబుదారీగా ఉండాలి.

ఎవరి పేరు, ఎన్నో పేరు

రచయితల వరస మీద గొడవలు అహంకారం వల్ల వస్తాయని చాలామంది అనుకుంటారు. దాని వెనక అంతకన్నా గట్టి లెక్క ఉంది. అధ్యాపకుల నియామకాలు, పదోన్నతులపై యూజీసీ 2018 నిబంధనల ప్రకారం ఇద్దరికన్నా ఎక్కువమంది రాసిన పేపర్‌లో మొదటి రచయితకు, ప్రధాన లేదా కరస్పాండింగ్ (జర్నల్‌తో ఉత్తరప్రత్యుత్తరాలు జరిపే) రచయితకు 70 శాతం మార్కులు, మిగతా ఒక్కొక్కరికి 30 శాతం. మధ్యలో పేరుకూ మొదటి పేరుకూ మధ్య తేడా ప్రమోషన్ ఫైల్‌లో అంకెగా కనిపిస్తుంది. విదేశీ భాగస్వామి దేశంలో లెక్క వేరుగా ఉండవచ్చు. వైద్య, జీవశాస్త్రాల్లో చివరి పేరు ల్యాబ్ పెద్దది. గణితంలో అక్షరక్రమంలో రాస్తారు. ఈ సంగతులు ముందే మాట్లాడుకోకపోతే పేపర్ పూర్తయ్యాక మనస్పర్థలు తప్పవు.

సంస్థలకు ఒత్తిడి ఇంకో రకంగా వస్తుంది. విశ్వవిద్యాలయాలకు ఇచ్చే క్యూఎస్ ప్రపంచ ర్యాంకింగ్స్‌లో 2024 ఎడిషన్ నుంచి అంతర్జాతీయ పరిశోధన నెట్‌వర్క్‌కు 5 శాతం వెయిటేజీ ఉంది. విదేశీ పేరున్న పేపర్ వల్ల మార్కులు వస్తాయని తెలిశాక, పనిలో భాగస్వామి కానివారి పేరు చేర్చే ఆకర్షణ పెరుగుతుంది. దాని చివరి రూపం రచయిత స్థానాన్ని అమ్మడం. సోషల్ మీడియాలో, మెసేజింగ్ గ్రూపుల్లో మొదటి స్థానానికి ఇంత, మూడో స్థానానికి ఇంత అని రేటు పెట్టి ప్రకటనలు ఇస్తుంటారు. అలాంటి పేపర్‌లో ఒకరినొకరు ఎరగని నాలుగు దేశాల రచయితలు ఉంటారు. పైకి అంతర్జాతీయ భాగస్వామ్యంలాగే కనిపిస్తుంది. 2023లో ప్రపంచవ్యాప్తంగా 10 వేలకు పైగా పేపర్లు రిట్రాక్ట్ కాగా, వాటిలో 8 వేలకు పైగా హిందావీ అనే ఒక్క ప్రచురణ సంస్థవే. నకిలీ పేపర్లు తయారుచేసే పేపర్ మిల్లులు వాటిలో చాలావాటి వెనక ఉన్నాయని తేలింది.

ఇందులో ఎక్కువగా నష్టపోయేది చిన్నవాళ్లు. గైడ్ చెప్పిన పేర్లు చేర్చకపోతే సంతకం పడదేమోనన్న భయం స్కాలర్‌కు ఉంటుంది. పేపర్ రిట్రాక్ట్ అయితే ఆ మరక మొదటి రచయితగా ఉన్న స్కాలర్ రెజ్యూమెలోనే మిగులుతుంది. విదేశీ పోస్ట్‌డాక్ ఇంటర్వ్యూలో మొదట వచ్చే ప్రశ్న దాని గురించే. ఎవరు ఆలోచన ఇచ్చారు, ఎవరు డేటా తీశారు, ఎవరు రాశారు అని 14 రకాల పనుల్లో విడదీసి చూపే క్రెడిట్ పద్ధతిని ఇప్పుడు చాలా జర్నళ్లు అడుగుతున్నాయి. దాన్ని పేపర్ పంపేటప్పుడు కాకుండా ప్రాజెక్టు మొదటి మీటింగ్‌లోనే నింపితే సగం వివాదాలు పుట్టవు.

ఖమ్మం హాస్టళ్లలో సంతకాలు ఎవరివి

మనుషుల మీద జరిగే పరిశోధనకు తెలుగు నేల మీదే ఒక చేదు పాఠం ఉంది. 2009లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని ఖమ్మం జిల్లా భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను నివారించే హెచ్‌పీవీ టీకాను 10 నుంచి 14 ఏళ్ల బాలికలకు ఇచ్చారు. అమెరికాకు చెందిన పాత్ అనే స్వచ్ఛంద సంస్థ భారత వైద్య పరిశోధన మండలి ఐసీఎంఆర్‌తో, రాష్ట్ర ప్రభుత్వంతో కలిసి చేసిన ప్రాజెక్టు ఇది. గేట్స్ ఫౌండేషన్ నిధులిచ్చింది. గుజరాత్‌లోని వడోదరలోనూ ఇలాగే జరిగింది. కొందరు బాలికలు చనిపోయారన్న వార్తలతో 2010 ఏప్రిల్‌లో ప్రాజెక్టు ఆగింది. ఆ మరణాలకు టీకా కారణం కాకపోవచ్చనే విచారణ కమిటీ అభిప్రాయపడింది. ఆ టీకా ప్రపంచమంతటా వాడుకలో ఉన్నదే, ప్రాణాలు కాపాడేదే. ఈ విషయం స్పష్టంగా చెప్పుకోవాలి.

తప్పు బయటపడింది కాగితాల దగ్గర. ఆంధ్రప్రదేశ్‌లో పరిశీలించిన 9,543 సమ్మతి పత్రాల్లో 1,948 వేలిముద్రలు, 2,763 హాస్టల్ వార్డెన్ల సంతకాలు. ఆశ్రమ పాఠశాలల్లో చదివే గిరిజన బాలికల తరఫున తల్లిదండ్రులకు బదులు వార్డెన్లు సంతకాలు చేశారు. దీన్ని క్లినికల్ ట్రయల్ అనకుండా ప్రదర్శన ప్రాజెక్టు అన్నారు. అలా పిలవడం వల్ల ట్రయల్‌కు ఉండే కఠిన నిబంధనలు పక్కకు పోయాయన్నది 2013లో పార్లమెంటరీ స్థాయీ సంఘం నివేదిక చేసిన ప్రధాన విమర్శల్లో ఒకటి. పాత్ సంస్థ ఈ విమర్శలను అంగీకరించలేదు.

ఎలా జరిగింది ఇది? ఎక్కడో దూరదేశంలో ప్రోటోకాల్ తయారైంది. దాని ప్రకారం తల్లిదండ్రుల సమ్మతి ఉండాలి. తండా నుంచి, గూడెం నుంచి తల్లిని పిలిపించి, ఆమె భాషలో చెప్పి, ఆలోచించుకోవడానికి ఒక రోజు ఇవ్వాలంటే సమయం పడుతుంది, డబ్బు అవుతుంది. ప్రాజెక్టు క్యాలెండర్‌లో ఆ సమయం లేకపోతే చేతికి అందుబాటులో ఉన్న వార్డెన్ సంతకం తీసుకుంటారు. ఆ పత్రాలు లెక్కకు సరిపోతాయి. విదేశంలో కూర్చున్న భాగస్వామికి రిపోర్టులో కనిపించేది అంకె మాత్రమే.

ఇదే పరిస్థితి మళ్లీ రావడానికి విశాఖ చుట్టూ అవకాశం ఎక్కువ. కేజీహెచ్‌కు శ్రీకాకుళం నుంచి, పాడేరు మన్యం నుంచి, దక్షిణ ఒడిశా నుంచి రోగులు వస్తారు. కువి, ఒడియా మాట్లాడే కుటుంబానికి తెలుగులో అచ్చు వేసిన నాలుగు పేజీల పత్రం ఇచ్చి వేలిముద్ర తీసుకుంటే అది సమ్మతి కాదు. ఓపీ లైన్‌లో నిలబడ్డ మనిషికి సంతకం పెట్టకపోతే డాక్టర్ చూడరేమోనన్న సందేహం ఉంటే అదీ సమ్మతి కాదు. ఐసీఎంఆర్ 2017 మార్గదర్శకాలు ఈ విషయంలో స్పష్టంగానే ఉన్నాయి. విదేశీ ఎథిక్స్ కమిటీ ఆమోదించిన ప్రాజెక్టుకైనా ఇక్కడి కమిటీ విడిగా పరిశీలించి ఆమోదం ఇవ్వాలి. ఆరోగ్య పరిశోధనలో విదేశీ భాగస్వామ్యం ఉంటే ఆరోగ్య శాఖ స్క్రీనింగ్ కమిటీ అనుమతీ కావాలి. క్షేత్రంలో పత్రం ఎవరు చదివి వినిపించారు, ఎంతసేపు, ఏ భాషలో అన్నది మాత్రం స్థానిక కమిటీ వెళ్లి చూస్తేనే తెలుస్తుంది.

దేశం దాటే శాంపిల్

ఒక ఊహాజనిత ప్రాజెక్టును తీసుకుందాం. విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో తెల్లవారుజామున బోట్లు దించే కానాగంతల్లో మైక్రోప్లాస్టిక్ ఎంత ఉందో చూడాలి. స్కాలర్ వేలంపాట దగ్గర చేపలు కొని, ఐస్ పెట్టెలో ల్యాబ్‌కు తెచ్చి, పొట్ట కోసి పేగులు తీసి, చిన్న సీసాల్లో పెట్టి తేదీ, బోటు, బరువు రాసిన లేబుల్ అంటిస్తాడు. ఇంతవరకు ఇబ్బంది లేదు. ఇక్కడ లేని యంత్రం విదేశంలోని స్నేహితుడి ల్యాబ్‌లో ఉంది కాబట్టి ఆ సీసాలు కొరియర్‌లో పంపుదాం అనుకున్న క్షణం నుంచి చట్టం వర్తిస్తుంది.

జీవ వైవిధ్య చట్టం 2002 ప్రకారం మన జీవ వనరులను పరిశోధనకు వాడాలంటే విదేశీయులు చెన్నైలోని జాతీయ జీవ వైవిధ్య ప్రాధికార సంస్థ నుంచి ముందే అనుమతి పొందాలి. చాలామందికి తెలియని సంగతి ఏమిటంటే ప్రవాస భారతీయుడికి కూడా ఇదే నియమం. అమెరికాలో స్థిరపడ్డ పూర్వ విద్యార్థి మనవాడే కదా అని శాంపిల్ పంపేస్తే అది ఉల్లంఘన కావచ్చు. కేంద్ర ప్రభుత్వం 2006లో ఇచ్చిన మార్గదర్శకాలకు లోబడి, సంస్థల మధ్య ఆమోదం పొందిన భాగస్వామ్య ప్రాజెక్టులకు చట్టం మినహాయింపు ఇస్తుంది. పాత పరిచయం మీద మెయిల్‌లో కుదుర్చుకున్న ఏర్పాటుకు ఆ మినహాయింపు వర్తించదు. 2023 సవరణతో జైలు శిక్ష పోయింది కానీ జరిమానా లక్ష నుంచి 50 లక్షల రూపాయల దాకా ఉండవచ్చు.

చట్టం సంగతి అలా ఉంచితే, సీసాలు వెళ్లాక ఏమవుతుందన్నది న్యాయానికి సంబంధించిన ప్రశ్న. అక్కడ మైక్రోప్లాస్టిక్‌తో పాటు చేప పేగుల్లో బ్యాక్టీరియా మీద ఇంకో పేపర్ రాస్తే ఇక్కడి స్కాలర్ పేరు ఉంటుందా? మిగిలిన శాంపిల్ ఎవరిది? స్థానికులను శాంపిళ్లు సేకరించి పెట్టేవాళ్లుగా మాత్రమే వాడుకుని, విశ్లేషణ, గుర్తింపు తాము తీసుకోవడాన్ని పరిశోధన ప్రపంచంలో హెలికాప్టర్ రీసెర్చ్ అంటారు. 2022లో కేప్‌టౌన్‌లో జరిగిన ప్రపంచ పరిశోధన నిజాయితీ సదస్సు నుంచి వచ్చిన ప్రకటన ఈ అన్యాయాన్నీ పరిశోధన నిజాయితీకి సంబంధించిన విషయంగానే చూడాలని చెప్పింది. పంపేముందు రెండు వైపులా సంతకం చేసిన మెటీరియల్ ట్రాన్స్‌ఫర్ అగ్రిమెంట్ (శాంపిల్ బదిలీ ఒప్పందం) ఉంటే పై ప్రశ్నలకు జవాబు అందులోనే దొరుకుతుంది.

తప్పు జరిగితే విచారణ ఎక్కడ

దక్షిణ కొరియా శాస్త్రవేత్త హ్వాంగ్ వూ-సుక్ మూలకణాలపై 2004, 2005లలో సైన్స్ పత్రికలో ప్రచురించిన పేపర్లు కల్పిత డేటాతో రాసినవని సియోల్ జాతీయ విశ్వవిద్యాలయం తేల్చింది. 2006 జనవరిలో అవి రిట్రాక్ట్ అయ్యాయి. రెండో పేపర్‌కు అమెరికాలోని పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయం ప్రొఫెసర్ జెరాల్డ్ షాటెన్ సీనియర్ రచయిత. ఆయన మీద పిట్స్‌బర్గ్ విడిగా విచారణ జరిపింది. డేటా కల్పించడంలో ఆయన పాత్ర లేదని, సరిచూడకుండా పెద్ద రచయితగా పేరు పెట్టుకోవడం అనుచిత ప్రవర్తన అని, అది పరిశోధన మోసం కిందకు రాదని తేల్చింది. ఒకే పేపర్, రెండు దేశాలు, రెండు విచారణలు, రెండు కొలతలు.

మన దేశ సంస్థ ఇలాంటి వివాదంలో ఉంటే ఇబ్బంది ఎక్కువవుతుంది. అమెరికాలో వైద్య పరిశోధనకు ఆఫీస్ ఆఫ్ రీసెర్చ్ ఇంటిగ్రిటీ ఉంది. మన దగ్గర అన్ని రంగాల్లో డేటా మోసాలను విచారించే జాతీయ సంస్థ అలాంటిది లేదు. ఫిర్యాదు వస్తే సంస్థే తన అధ్యాపకుడి మీద విచారణ చేసుకోవాలి. ల్యాబ్ రికార్డులు సగం ఇక్కడ, సగం అక్కడ ఉంటే ఏ కమిటీకీ మొత్తం కనిపించదు. ఫిర్యాదు చేసిన స్కాలర్‌కు రక్షణ ఏమిటన్నది ఇంకా పెద్ద లోటు. గైడ్ మీద ఫిర్యాదు చేసినవారికి గైడ్‌ను మార్చుకునే హామీ ముందే రాసి ఉండకపోతే ఎవరూ నోరు విప్పరు.

డబ్బుతో పాటు వస్తున్న షరతులు

ఈ లోపాల ఫలితం ఇప్పటికే నిధుల దగ్గర కనిపిస్తోంది. అమెరికా ప్రభుత్వ వైద్య పరిశోధన సంస్థ ఎన్ఐహెచ్ 2024 నుంచి అమల్లోకి తెచ్చిన నియమం ప్రకారం దాని నిధుల్లో వాటా పొందే విదేశీ ల్యాబ్ తన నోట్‌బుక్‌లు, డేటా, పత్రాలు అన్నీ ప్రధాన సంస్థకు కనీసం ఏడాదికోసారి అందుబాటులో పెట్టాలి. 2025 మేలో ఆ సంస్థ ఇంకో అడుగు వేసి, విదేశీ ల్యాబ్‌లకు పాత పద్ధతిలో ఉప నిధులివ్వడం ఆపేస్తామని, కొత్త పద్ధతి తెస్తామని ప్రకటించింది. నోట్‌బుక్‌లో తేదీలు లేకుండా, తెల్ల కాగితాల మీద రీడింగులు రాసి పిన్ను కొట్టుకునే ల్యాబ్ ఇకపై అలాంటి ప్రాజెక్టులో నిలవడం కష్టం. మన వైపు నుంచీ రోగుల వివరాలు పంపేటప్పుడు 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టాన్ని చూసుకోవాలి. పరిశోధనకు అందులో మినహాయింపు ఉన్నా, అది షరతులతో కూడినది.

ఎన్‌ఐఆర్‌ఎఫ్ కోత వల్ల ఒక మంచి జరగొచ్చు, ఒక చెడూ జరగొచ్చు. పేపర్ల సంఖ్య వెంట పరుగు తగ్గడం మంచి. ర్యాంకు పోతుందన్న భయంతో సంస్థలు తప్పుడు పేపర్లను వెనక్కి తీసుకోకుండా నాన్చడం చెడు. నిజాయితీగా చేసిన పొరపాటును రచయితలే గుర్తించి వెనక్కి తీసుకున్న పేపర్‌కూ, డేటా కల్పించి పట్టుబడ్డ పేపర్‌కూ ఒకే శిక్ష పడితే మొదటి రకం ఇక కనిపించవు. ఈ రెండింటినీ విడదీసి లెక్కించడం న్యాయం.

ముందే రాసుకోవాల్సినవి

దేశాలు, రంగాలు దాటి జరిగే పరిశోధనకు సంబంధించి 2013 మాంట్రియల్ ప్రకటన 20 బాధ్యతలను పేర్కొంది. దానికన్నా మూడేళ్ల ముందు వచ్చిన సింగపూర్ ప్రకటన నిజాయితీ, జవాబుదారీతనం లాంటి మూల సూత్రాలు చెబితే, మాంట్రియల్‌ది పూర్తిగా ఆచరణకు సంబంధించిన పత్రం. ఒప్పందాలు, వనరులు, పాత్రలు, డేటా యాజమాన్యం, రచయితల వరస, తప్పు జరిగితే స్పందన అన్నీ అందులో ఉన్నాయి. వాటిలో ఒకటి మన దగ్గర ప్రత్యేకంగా పనికొస్తుంది: ఒక్కో దేశంలో, ఒక్కో రంగంలో మామూలనుకునే అలవాట్ల గురించి భాగస్వాములు ముందే బాహాటంగా మాట్లాడుకోవాలి. విభాగాధిపతి పేరు ప్రతి పేపర్‌లో ఉండాలన్న అలవాటు మన దగ్గర చాలాచోట్ల ఉందని మొదటి మీటింగ్‌లోనే చెప్పుకుని, ఈ ప్రాజెక్టులో అది ఉండదని రాసుకుంటే స్కాలర్ ఒంటరిగా ఎదిరించాల్సిన పని తప్పుతుంది.

విశ్వవిద్యాలయాల మధ్య ఎంఓయూ సాధారణంగా రెండు మూడు పేజీలే. స్నేహం, రాకపోకలు, ఉమ్మడి సెమినార్లు తప్ప అందులో డేటా మాట ఉండదు. ఎంఓయూను మార్చాల్సిన అవసరం లేదు. ప్రతి ప్రాజెక్టుకు ఒక అనుబంధ పత్రం చాలు. ముడి డేటా నకలు రెండు చోట్లా ఎక్కడ ఉంటుంది, ఎన్నేళ్లు ఉంచుతారు, రచయితల వరస ఎలా తేలుస్తారు, శాంపిల్ ఏ అనుమతి నంబరుతో వెళుతుంది, సమ్మతి ఏ భాషలో ఎవరు తీసుకుంటారు, ఫిర్యాదు వస్తే మొదట ఏ సంస్థ విచారిస్తుంది, రెండో సంస్థ రికార్డులు ఎన్ని రోజుల్లో ఇస్తుంది, ఏఐ టూల్స్ ఎంతవరకు వాడవచ్చు: ఇవి రాసి ఇద్దరు ప్రధాన పరిశోధకులు, వాళ్ల స్కాలర్లు సంతకం చేయాలి. స్కాలర్ సంతకం ఇందులో ముఖ్యం. పేపర్ రాసే రోజున తన హక్కు గురించి అడగడానికి అతని చేతిలో ఉండే ఆధారం అదొక్కటే.

ఇందుకు విశాఖ బయటి నిపుణుల కోసం ఎదురుచూడాల్సిన పని లేదు. ఎథిక్స్ కమిటీ అనుభవం వైద్య కళాశాలకు ఉంది. సముద్ర శాంపిళ్ల అనుమతుల సంగతి సముద్ర విజ్ఞాన కేంద్రంలోని శాస్త్రవేత్తలకు తెలుసు. ఒప్పందాల భాష రాయడానికి సబ్బవరంలో దామోదరం సంజీవయ్య జాతీయ న్యాయ విశ్వవిద్యాలయం ఉంది. నగరంలోని సంస్థలన్నీ కలిసి ఒకే నమూనా పత్రం తయారుచేసుకుంటే చిన్న కాలేజీలో పనిచేసే అధ్యాపకుడికి కూడా అది అందుతుంది. విచారణ కమిటీల్లో సొంత సంస్థ వాళ్లే కూర్చోవడం అన్న ఇబ్బందికీ ఇక్కడే ఒక దారి ఉంది: ఒక సంస్థ ఫిర్యాదును పక్క సంస్థ ఆచార్యుడు విచారించేలా ఇచ్చిపుచ్చుకునే ఏర్పాటు. మద్దిలపాలెం నుంచి రుషికొండకు బస్సులో వెళ్లి రాగలిగేంత దగ్గరలో ఇన్ని సంస్థలున్న నగరానికి అదేమంత కష్టం కాదు.